గిలక్కాయ ఉన్న దీనారం

మా ఆయన నోట్లో నాణెం పెట్టాలి. పాడె లేచేలోపు పెట్టాలి, పెట్టాల్సింది నేనే.

అందరూ చచ్చినవాడి నాలుక కింద ఏదో ఒక రాగి నాణెం పెట్టి పంపిస్తారు, అవతలి ఒడ్డుకు దాటించే పడవవాడి కోసం. నాణేలు కొట్టే టంకసాల పనివాళ్ళ సంఘానికి అది చాలదు. అచ్చు చెక్కే మనిషి పోతే, అతను చెక్కిన అచ్చుతో కొట్టిన వెండి దీనారమే పెట్టాలట. అది అతనికి మర్యాద అట. మేస్త్రీ కార్పస్ పొద్దున్నే ఒక దీనారాన్ని ఉన్నిగుడ్డలో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"విప్పి చూడమ్మా స్పెండూసా. నీ మొగుడు చెక్కినవాటిలో దీన్ని మించింది లేదు. ఏరి తెచ్చాను" అన్నాడు.

విప్పకముందే నాకు తెలుసు. విప్పాను. ఒక వైపు చక్రవర్తి బోడి గెడ్డం, ఎద్దు మెడ. రెండో వైపు నేల మీద కూలబడిన ఆడమనిషి. మోకాళ్ళు పైకి ముడుచుకుని, తల మోకాళ్ళ మీద పడేసి, జుట్టు ముందుకు రాల్చుకుని కూర్చుంది. ఒడిలో చిన్న గుండ్రటి వస్తువు. మళ్ళీ చుట్టేశాను.

"పెడతావుగా?" అన్నాడు కార్పస్.

"కడగనివ్వండి ముందు" అన్నాను.

మా ఆయన ఫిలేరోస్ టంకసాలలోనే పుట్టాడు. వాళ్ళమ్మ అక్కడి బానిస. సమ్మెట దెబ్బ పడే దాగలి చుట్టూ రాలిన వెండి రజను ఊడ్చి, నీళ్ళలో కడిగి తీసేది. ఊడుస్తూనే నొప్పులొచ్చి కొలిమి గోడ పక్కన కన్నదట. మంత్రసాని రాకముందే కాపలావాడు వచ్చి, చీపురు కింద వెండి ఏమైనా దాచిందేమోనని చూశాడట. ఈ మాట చెప్పేటప్పుడల్లా మా ఆయన నవ్వేవాడు. నాకు ఎన్నడూ నవ్వు రాలేదు.

ముప్పై ఏళ్ళు నిండాక స్వేచ్ఛ ఇచ్చారు. స్వేచ్ఛ అంటే అదే బల్ల, అదే ఉలి, రాత్రి పడుకోవడానికి మాత్రం ఇంటికి రావచ్చు. అప్పుడే నన్ను చేసుకున్నాడు. సీలియన్ కొండ కింద, చాకిరేవు మీద నాలుగో అంతస్తులో గది. ఉతికేవాళ్ళు వీధి మలుపుల్లో కుండలు పెట్టి ఊరి మూత్రమంతా పోగు చేసి, దాంట్లో ఉన్ని తొక్కుతారు. ఆ కంపు మా అన్నానికీ పట్టేది. పెళ్ళైన కొత్తలో వాంతులు చేసుకునేదాన్ని. కడుపొచ్చిందని ఇరుగుపొరుగు సంబరపడేవాళ్ళు.

ఆయన పని నాకు నా పిండిలోనే తెలిసింది. అచ్చులో బొమ్మ లోపలికి, తిరగేసి చెక్కుతారు. ముక్కు ఉండాల్సిన చోట గుంట ఉంటుంది. ఎంత చెయ్యి తిరిగినవాడైనా గుంటను చూసి ముక్కు ఎలా వచ్చిందో చెప్పలేడు. మెత్తటి దాంట్లో ఒత్తి చూడాలి. టంకసాలలో మైనం ఉంటుంది కానీ ఆయనకు నేను కలిపిన బార్లీ పిండే కావాలి. పొద్దున్నే గుప్పెడు పిండి తడిగుడ్డలో కట్టుకుని తీసుకెళ్ళేవాడు. సాయంత్రం అదే పిండి తిరిగొచ్చేది, దాని నిండా చక్రవర్తి ముక్కులు, చెవులు, దేవతల మోచేతులు.

"పిండి కాస్త గట్టిగా కలుపు. ఇవాళ చక్రవర్తి గెడ్డం జారిపోయింది" అనేవాడు.

"జారితే జారనీ. రొట్టె చేస్తే నువ్వే తినాలి."

"తింటాను. నాకంటే ఎక్కువగా ఆయన్ని ఎవరు నమిలారు?"

అప్పట్లో ఆ మాటలకు నవ్వుకునేవాళ్ళం. నాకు వచ్చిన నాలుగు అక్షరాలూ ఆ పిండి మీద చూసి నేర్చుకున్నవే. ఏ బొమ్మ పక్కన ఏ మాట రాస్తారో ఆయన చెప్పేవాడు. పళ్ళతో నిండిన కొమ్ము పట్టుకున్న ఆవిడ సమృద్ధి. ఆ బొమ్మ కొట్టిన ఏడాది మా వీధి రొట్టెలో సగం పొట్టు. తక్కెడ పట్టుకున్న ఆవిడ న్యాయం. అది కొట్టినప్పుడు వెండిలో రాగి ఇంకాస్త కలపమని పైనుంచి మాట వచ్చింది. రెండు చేతులు కలుపుకున్న బొమ్మ సైన్యాల ఐకమత్యం. సైన్యాలు ఒకదాని గొంతు ఒకటి కోసుకోబోతున్నాయంటే ఆ చేతులు చెక్కమనేవాళ్ళు. ఏది లేకపోతే దాని బొమ్మ వేయిస్తారని మా ఆయనకు బాగా తెలుసు. తెలిసీ ప్రతి వేలూ, ప్రతి గోరూ ప్రేమగా చెక్కేవాడు. బొమ్మ పెద్దగా కనబడేట్టు నీళ్ళు నింపిన గాజుబుడ్డి వెనక కన్ను పెట్టి, ఊపిరి బిగబట్టి చెక్కేవాడు. నాకు రోత మొదలైంది అక్కడే అనుకుంటాను, కానీ అప్పుడు దానికి ఆ పేరు పెట్టుకోలేదు.

మాకు ఒక్కతే పుట్టింది. నేబ్రిస్ అని పెట్టుకున్నాం. దానికి పిట్ట ఆకారంలో ఒక మట్టి గిలక్కాయ ఉండేది. లోపల గులకరాళ్ళు. పెద్దదైనా వదల్లేదు. ఐదేళ్ళ పిల్ల, గిలక్కాయేమిటని ఎవరైనా అంటే, "ఇది ఆడుకోవడానికి కాదు, నిద్రపోవడానికి" అనేది. దాని తోక ఒక పక్క విరిగింది, ఇంకో పక్క ముద్దలా మిగిలింది.

వేసవి చివర, నది దగ్గరి జ్వరం వచ్చింది. నాలుగు రోజులు. అంతే.

దహనం అయ్యాక ఎముకలు ద్రాక్షసారాయితో కడిగి కుండలో వేశాం. గిలక్కాయ కూడా అందులోనే వెయ్యాలని మా ఆయన అన్నాడు. తొమ్మిదో రోజు పెడదామని నా దగ్గర ఉంచుకున్నాను. ఆ తొమ్మిదో రోజు వచ్చింది. సమాధి దగ్గర భోజనం పెట్టుకుని అందరూ తింటున్నారు. నేను మాత్రం లేవలేక నేల మీద కూలబడి మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాను. గిలక్కాయ ఒడిలో ఉంది. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఒకసారి తల తిప్పితే, మా ఆయన గోడకు ఆనుకుని మైనపు పలక మీద పుల్లతో ఏదో గీస్తున్నాడు. కుండ మీద చెక్కించే మాట రాస్తున్నాడనుకున్నాను. పాపం, ఏడవడం కూడా రాదు మనిషికి అనుకుని మళ్ళీ తల దించుకున్నాను.

తర్వాత గిలక్కాయను కుండలో పెట్టి మూత బిగించాం.

ఆ చలికాలం డాన్యూబ్ అవతలి యుద్ధం గెలిచారు. ఊరేగింపులు, జంతువుల వేటలు, ఉచిత రొట్టెలు. టంకసాలకు ఊపిరాడని పని. గెలిచిన ప్రతిసారీ ఓడిన దేశాన్ని ఏడుస్తున్న ఆడదానిలా చెక్కడం వాళ్ళకు అలవాటు. ఆ రోజుల్లో మా ఆయన నన్ను పిండి అడగలేదు. మైనంలో చూసుకుంటున్నానన్నాడు. పన్నెండేళ్ళలో మొదటిసారి. నేను పట్టించుకోలేదు. నాకు అప్పుడు ఏదీ పట్టలేదు.

చేపల బజారులో స్టాకిస్ అని ఒక గ్రీకువాడున్నాడు. చేతులు ఎప్పుడూ చేపల జిగురుతో ఉంటాయని నాణేలు బుగ్గలో పెట్టుకుంటాడు. చిల్లర అడిగితే నోట్లోంచి ఉమ్మి ఇస్తాడు. ఆ రోజు దుకాణం ముందు నలుగురు మగాళ్ళు మూగారు. వాడు బుగ్గలోంచి కొత్త దీనారం తీసి అరచేతిలో పెట్టి చూపిస్తున్నాడు.

"రా అక్కా, నువ్వూ చూడు. కొత్తది. మూడు రోజులైంది వదిలి. చూడు ఎట్లా కూర్చుందో!"

"మా ఆవిడ అలిగితే అచ్చం ఇట్లాగే కూర్చుంటుంది" అన్నాడొకడు.

"మీ ఆవిడ ఇంత చిన్న నాణెంలో పడుతుందిరా? పళ్ళెం కావాలి."

"ఒళ్ళో ఏంటది? రొట్టె ముక్కా?"

"రొట్టె కాదు, మొగుడి తలకాయ. మనవాళ్ళు నరికిచ్చారు, ఒళ్ళో పెట్టుకుంది."

నలుగురూ పగలబడి నవ్వారు. స్టాకిస్ నాణేన్ని నా ముఖం ముందుకు తెచ్చాడు. ఉమ్ము తడి ఇంకా దాని మీద ఉంది. దాని కింద నేను. నా భుజం, నా ముడి విడిన జుట్టు. ఒళ్ళో గుండ్రటి దాని పక్క ఒక చిన్న ముద్ద. మిగిలిన తోక.

నేను చేప కొనలేదు. గోడ పక్కకు వెళ్ళి కక్కుకున్నాను.

సాయంత్రం ఆయన పప్పు తింటుంటే ఎదురుగా నిలబడ్డాను.

"దీనారం మీద కూర్చున్నది ఎవరు?"

"ఓడిపోయిన దేశం" అన్నాడు తల ఎత్తకుండా.

"దేశానికి గిలక్కాయ ఎందుకయ్యా?"

చెంచా కింద పెట్టాడు. "నువ్వు గుర్తుపడతావనుకున్నాను" అన్నాడు.

"తెలిసే చేశావా?"

"ఏడుస్తున్న ఆడదాన్ని చెక్కమన్నారు స్పెండూ. ఇన్నేళ్ళూ రాతిబొమ్మల్ని చూసి చెక్కాను. అవి బుగ్గకు చెయ్యి ఆనించి అందంగా కూర్చుంటాయి. ఏడవవు. ఏడిస్తే మనిషి అందంగా ఉండదని నాకు ఆ రోజే..."

"బిడ్డ పోయిన తొమ్మిదో రోజు నన్ను చూస్తే నీకు పని గుర్తొచ్చిందా?"

"నాకు వేరే ఏం చేతనవును? నువ్వు రొమ్ము బాదుకున్నావు, నేను గీశాను." పప్పు గిన్నె పక్కకు నెట్టాడు. "చక్రవర్తి కూతుళ్ళకైనా దక్కుతుందా ఇది? మనం పోతాం. ఈ ఊరు పోతుంది. వెండి పోదు. ఎక్కడో మట్టి కింద మన పిల్ల గిలక్కాయ ఉంటుంది."

"ప్రస్తుతం స్టాకిస్ గాడి ఎంగిలిలో ఉంది. తీసెయ్."

"తియ్యడం కుదరదు. లోపలికి చెక్కిన దాన్ని పూడ్చలేం. అరగదీసి మొత్తం పారెయ్యాలి. అచ్చు నాదా? పని అవగానే లెక్కచూసి పెట్టెలో పెట్టి తాళం వేస్తారు."

"ఎన్నాళ్ళు కొడతారు దాంతో?"

"పగిలేదాకా."

ఆ పూట నుంచి మా మధ్య మిగిలిన మాట అదొక్కటే. ఆయన గుమ్మంలోకి రాగానే "పగిలిందా?" అనేదాన్ని. "లేదు" అనేవాడు. వంట చేసేదాన్ని, బట్టలు ఉతికేదాన్ని, దగ్గొస్తే జీలకర్ర నీళ్ళు కాచేదాన్ని. పిండి మాత్రం ఇవ్వలేదు.

అచ్చు వసంతకాలంలో బీటవారింది. పగల్లేదు, బీటవారింది. ఆ బీటతోనే ఇంకో నెల కొట్టారు. ఆ నెల నాణేల మీద నా మెడకు అడ్డంగా ఒక గీత ఉండేది. చివరికి ముక్కలైంది. ఆ రోజు ఆయన నేను అడగకముందే "పగిలింది" అన్నాడు. నేను మంచి బట్ట కట్టుకుని గుడికి వెళ్ళి ధూపం వేసి వచ్చాను.

పది రోజులు తిరక్కుండా బజార్లో మళ్ళీ కనిపించింది. బొమ్మ పైవాళ్ళకు నచ్చిందట. కార్పస్ ఇంకో ముగ్గురు చెక్కుడు పనివాళ్ళను కూర్చోబెట్టి, మా ఆయన నాణేన్ని ముందు పెట్టి, దాన్ని చూసి చెక్కమన్నాడు. వాళ్ళకు అది గిలక్కాయ అని తెలియదు. ఒకడు రొట్టె చేశాడు, ఒకడు డాలు చేశాడు. మూడోవాడి చేతిలో నేను మూట అయ్యాను. ఏడ్చింది నేనొక్కదాన్ని, ఊరంతా కూర్చుని చెక్కింది. నాణేలు మార్చేవాళ్ళు లోపల రాగి ఉందేమోనని ఉలితో గాట్లు పెడతారు. వీపు మీద గాట్లు పడ్డవి కూడా నా చేతికొచ్చాయి. సారాయి కొట్లలో, స్నానాల గదుల్లో, ఆడవాళ్ళు తలుపు మీద వెల రాసుకునే సందుల్లో, చెమట పట్టిన ప్రతి పిడికిట్లో నేను కూర్చుని ఉన్నాను. నాకు నా చేతులంటేనే అసహ్యం వేసేది.

ఏడేళ్ళు అలా గడిచాయి. కొలిమి పొగ ఆయన ఊపిరితిత్తుల్లోకి చేరింది. మొన్న పొద్దున గాజుబుడ్డి ముందు కూర్చుని, తల వాల్చి, మళ్ళీ ఎత్తలేదు.

వేడినీళ్ళతో కడుగుతుంటే ఆయన మెడలో తాయెత్తు తిత్తి తగిలింది. కొన్నేళ్ళుగా వేసుకుంటున్నాడు. దగ్గు కోసం ఎవరో కట్టారనుకున్నాను. తడిసిపోతుందని విప్పాను. లోపల ఒక దీనారం. ఒక వైపు ఏడుస్తున్న ఆడమనిషి, ఒళ్ళో గిలక్కాయ, మెడ మీద గీత లేదు. తిప్పి చూస్తే చక్రవర్తి లేడు. అక్కడా అదే ఆడమనిషి, కానీ గుంట. మోకాళ్ళు గుంట, తల గుంట, గిలక్కాయ గుంట. అటు చూస్తున్నది ఇటు తిరిగింది. వెండిలో నేను కూర్చుని లేచి వెళ్ళిపోయిన చోటులా ఉంది.

డామా గుమ్మం దగ్గర పాడెకు తాళ్ళు కడుతున్నాడు. టంకసాలలో సమ్మెట కొట్టే మనిషి. మా ఆయనకు ఒక్కడే స్నేహితుడు. లోపలికి పిలిచి చూపించాను. వాడి ముఖం పాలిపోయింది.

"ఇదింకా ఉందా వదినా!"

"ఏంటిది?"

"నా తప్పు. కింద దాగలిలో చక్రవర్తి అచ్చు ఉంటది, పైన నా చేతిలో ఆడమనిషిది. మధ్యలో బిళ్ళ పెట్టి కొడతాం. ఒక్కోసారి కొట్టిన నాణెం కింది అచ్చుకే కరుచుకుంటది. చూసుకోకుండా దాని మీదే ఇంకో బిళ్ళ పెట్టి కొట్టానంటే, పైన బొమ్మ పడతది, కింద ముందటి నాణెం ఒత్తుకుని గుంట పడతది. చక్రవర్తి మాయం. అది కనబడితే నా వీపు చీరేసేవాళ్ళు. ఫిలేరోస్ అన్న అప్పుడే పక్కన నిలబడ్డాడు. చటుక్కున తీసేశాడు."

"బయటికి ఎలా వచ్చింది? బట్టలిప్పి చూస్తారుగా మిమ్మల్ని."

"చూస్తారు. నోరు తెరిపించి నాలుక కింద కూడా చూస్తారు."

"మరి?"

డామా తాడు వంక చూశాడు. "మింగాడు."

నాకు ఒక్కసారి గుర్తొచ్చింది. రెండు రోజులు కడుపు పట్టుకుని దొర్లాడు. నేను జీలకర్ర నీళ్ళు కాచి ఇచ్చాను. మూడో రోజు మలం కుండ తనే తీసుకెళ్ళి పారబోస్తానన్నాడు. ఎన్నడూ ఆ పని చేయని మనిషి. ఎందుకు అంతసేపు పట్టిందో అప్పుడు అడగలేదు.

"ఛీ" అన్నాను.

"నీకిద్దామనే తెచ్చాడు వదినా. ఆ చక్రవర్తి ముఖం లేనిది ఇదొక్కటేనంట. స్పెండూ ఉంది, పిల్లది ఉంది, ఇంకెవడూ లేడు అన్నాడు. గుమ్మంలోకి రాగానే నువ్వు పగిలిందా అని అడిగావంట. ఆ రోజు చెప్పలేకపోయాడు. తర్వాత ఏ రోజూ ఇవ్వలేకపోయాడు."

"కడుక్కున్నాడా కనీసం?"

డామా నవ్వబోయి ఆపుకున్నాడు. వాడి కళ్ళల్లో నీళ్ళున్నాయి. నా కళ్ళల్లో లేవు. నాకు వచ్చింది రోతే. అతని కడుపులోంచి, కుండలోంచి వేళ్ళతో వెతికి తీసి, కడిగి, ఎద మీద వేసుకున్నాడు. నాకు చెప్పలేదు. ఒక్క మాట చెప్పి ఉంటే దాన్ని కిటికీలోంచి చాకిరేవు కుండలో పారేసేదాన్ని. అది ఆయనకూ తెలుసు.

శ్మశానంలో పంచే రొట్టెల కోసం కలిపిన పిండి పక్కనే ఉంది. ఎందుకో తెలియదు, గుంట వైపును అందులో ఒత్తాను. తీసి చూస్తే నేను పైకి లేచి ఉన్నాను. గిలక్కాయ కూడా, గోరంత, తోక ముద్దతో సహా. పిండి గట్టిగా కుదిరింది. ఏమీ జారలేదు. బొటనవేలితో చెరిపేసి మళ్ళీ కలిపేశాను.

కార్పస్ లోపలికి తొంగి చూశాడు. "అయిందామ్మా? బూరలవాళ్ళు తొందరపడుతున్నారు."

"వస్తున్నానయ్యా."

అందరూ చుట్టూ నిలబడ్డారు. నా ఎడమ చేతిలో సంఘం వాళ్ళిచ్చిన దీనారం, చక్రవర్తిది, చెల్లేది. కుడి చేతిలో ఆ గుంటది. అది ఏ కొట్లోనూ చెల్లదు. ఆయన దవడ పట్టి దించాను. నోరు పొగ కంపు కొట్టింది. ఒకసారి ఈ దారినే లోపలికి పోయింది, మళ్ళీ పోనీ అనుకున్నాను. గుంట వైపు పైకి ఉంచి నాలుక కింద పెట్టాను. నోరు మూశాను. పడవవాడు తీసి చూసి, ఇది నాణెమా అని ముఖాన కొడితే, ఆ ఒడ్డున నిలబడి నాకు చెప్పని మాట వాడికి చెప్పుకోనీ. వాడి మనసు కరిగితే పడవ ఎక్కిస్తాడు.

"చక్రవర్తి పైకి ఉన్నాడా?" అని మెల్లగా అడిగాడు కార్పస్. అది కూడా వాళ్ళకు ఆచారమే.

"ఎవరు ఉండాలో వాళ్ళే ఉన్నారు" అన్నాను. పాడె లేచింది.

తొమ్మిదో రోజు భోజనానికి చేపలు కావాలి. స్టాకిస్ దగ్గరికే వెళ్ళాను. కార్పస్ ఇచ్చిన దీనారం పళ్ళెంలో, చేపల పేగుల పక్కన పెట్టాను. అది ఆడమనిషి వైపు కిందికి పడింది. వాడు తీసి తుడవకుండానే బుగ్గలో వేసుకోబోయి ఆగాడు. ఈ మధ్య లోపల రాగి ఉన్నవి చాలా తిరుగుతున్నాయి.

"మంచిదేనా అక్కా?"

"కొరికి చూసుకో" అన్నాను.